రెండు కోట్ల రంగు, ఒక తెల్ల వైరు

మా ట్రాక్టరు వెనక తగిలించే ట్రక్కుకి బ్రేకులు లేవు. మా ఊళ్లో ఏ ట్రక్కుకీ లేవు గనుక దాన్నెవరూ లోపంగా లెక్కించరు. వెనక వచ్చేవాడికి బ్రేకులుంటే చాలని మా అందరి నమ్మకం. వాడికి మనం కనపడొద్దా అంటే, ఇంత ట్రక్కు కనపడదా అంటారు.

ఆ నమ్మకం మీదే మిరపకోతకు వచ్చిన పద్దెనిమిది మంది ఆడవాళ్లను రోజూ సాయంత్రం సత్తెనపల్లి రోడ్డు మీదుగా వాళ్ల ఊరికి చేర్చేవాళ్లం. ట్రక్కులో మనుషుల్ని ఎక్కించకూడదని నాకు తెలుసు. ఆ వేళకు ఆ ఊరికి బస్సు లేదని బస్సులవాళ్లకూ తెలుసు.

ఒకరోజు మునిమాపు వేళ ఒక లారీ మా వెనకే కీచుమని ఆగింది. మర్నాడు కూలీల ముఠా పెద్దావిడ చేలో అడుగుపెట్టకముందే తేల్చేసింది.

"అన్నయ్యగారూ, లారీ ఇంజను వేడి మా కాళ్లకి తగిలిందండీ. ఇవాళ సాయంత్రానికి వెనక లైట్లు వెలగాలి. లేకపోతే నడిచిపోతాం, రేపట్నించి రాం."

కాయ పండి చెట్టు మీదే ఉంది. పైన మబ్బు. పట్నంలో ఆటో ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తే, వారం తర్వాత చూద్దామన్నాడు. మబ్బుకి కూడా ఆయనే చెప్తే బాగుండేది.

సరే, నేనే చేస్తానన్నాను. ఏ పనైనా ముందు కాగితం మీద చేసి, తర్వాత చేత్తో చేయడం నాకు అలవాటు. బ్యాటరీ నుంచి ట్రక్కు చివరికి ఇరవై మూడు అడుగులు, మలుపులకు మరో రెండున్నర. ఎరుపు బ్రేకు దీపానికి, పసుపు, ఆకుపచ్చ ఇండికేటర్లకి, తెలుపు ఎర్త్‌కి, అంటే దీపాల నుంచి ఫ్రేములోకి దిగిన కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారికి. కిందటి వారమే, తుప్పు పట్టకూడదని, ట్రక్కు ఫ్రేముకి నా చేత్తో రెండు కోట్లు నీలం రంగు వేసి ఉన్నాను. నా జాగ్రత్త అలాంటిది.

వైర్లు లాగి, డ్రైవరు చేత ట్రాక్టరు బ్రేకు తొక్కించి మీటరు పెట్టాను. బ్యాటరీ దగ్గర పన్నెండు పాయింట్ ఆరు వోల్టులు. ఎర్ర వైరుకీ తెల్ల వైరుకీ మధ్య, చివరన కూడా అంతే. దీపాలు బిగించి మళ్లీ బ్రేకు తొక్కమన్నాను. ఎర్రదీపం వెలగలేదు. ఇండికేటర్లు రెండూ జబ్బుపడ్డట్టు మిణుకుమన్నాయి.

మా డ్రైవరు నలభై ఏళ్లవాడు. వెనక్కి తిరిగి చూశాడు.

"బాబాయ్, ఆగుతున్నామని చెప్పమంటే రెండు పక్కలకీ తిరుగుతున్నామంటుందేంటి?"

"అంకెలు సరిగ్గానే ఉన్నాయిరా."

"అయితే లారీవాడికి అంకెలు చూపిద్దాం."

సాయంత్రమైంది. ఆడవాళ్లు గట్టు మీద నిలబడ్డారు, ఒక్కరూ ఎక్కలేదు. పెద్దావిడ ట్రాక్టరుని కాస్త నడపమని, బ్రేకు మీద కాలుంచమని, తను వెనక నడిచింది. నాలుగు అడుగులు వేసి కేకేసింది.

"గోతిలో పడ్డప్పుడల్లా వెలుగుతోందండీ!"

"అయితే ఇంకేం! మన రోడ్డు మీద ఆరే ప్రసక్తే లేదు," అన్నాడు డ్రైవరు.

నాకు మాత్రం అక్కడే తట్టింది. గోతిలో ట్రక్కు ఎగిరిపడితే ట్రాక్టరుకీ దానికీ మధ్య ఉన్న పిన్ను రాసుకుంటుంది, ఇనుము ఇనుముని తాకుతుంది. అంటే తెల్ల వైరు చేయాల్సిన పని పిన్ను చేస్తోంది. కింద దూరి చూశాను. తెల్ల వైరు బోల్టు నీలం రంగు మీద ఎంతో గట్టిగా, ఎంతో అందంగా బిగించి ఉంది. దాని కింద ఇనుము ఎక్కడా లేదు.

డ్రైవరు కూడా వంగి చూశాడు.

"ట్రక్కు మీద రెండు కోట్లు పెట్టావు కదా బాబాయ్, ఇంక కరెంటు ఎట్టా దూరుద్ది?"

గట్టు మీద పద్దెనిమిది నవ్వులు. చాకుతో పావలా కాసంత మేర రంగు గీకాను. ఇనుము తళుక్కుమంది. బోల్టు బిగించాను. దీపం వెలిగింది. పదిసార్లు తొక్కించి, పదికి పది అని ప్రకటించాను.

"లెక్క బాగానే ఉందండీ," అంది పెద్దావిడ. "అయితే వెనకాల మీరే కూర్చోండి."

కూర్చున్నాను, కాళ్లు బయటికి వేలాడేసి. రోడ్డెక్కగానే వెనక ఒక లారీ తయారైంది. కూడలి దగ్గర మావాడు బ్రేకు తొక్కాడు. నా పంచె అంచు ఎర్రబడింది. లారీ ఎన్ని అడుగుల దూరంలో ఆగిందో మాత్రం చెప్పలేను.

"ఆగిందండీ," వీపు వెనక పెద్దావిడ గొంతు. "ఇంక కళ్లు తెరవండి."

మర్నాడు పద్దెనిమిది మందీ వచ్చారు. కోత అయ్యేదాకా వెనక అంచు మీద చోటు మాత్రం నాకే అట్టే పెట్టారు.