ఈగలకు వడదెబ్బ

వేసవి పరిశోధనకు అది మొదటి రోజు. మా కాలేజీ ఇచ్చిన పండుఈగల సీసాను రాయపూర్ ల్యాబులో అప్పగించాలని భిలాయిలో బస్సెక్కాను. ఎండకు అవి చస్తే నా ప్రాజెక్టూ చచ్చినట్టే.

పక్కసీటు పెద్దావిడ సీసా వైపు చూసింది. "అందులో ఏటి బాబూ?"

"ఈగలు మామ్మా, పరిశోధనకి. ఎండకి చచ్చిపోతాయేమోనని భయంగా ఉంది."

ఆవిడ నవ్వలేదు. వడదెబ్బ తగలకుండా కొంగున ముడేసుకున్న ఉల్లిపాయ తీసి, సీసాకు ఆనించి, నా రుమాలుతోనే కట్టింది.

"మరి నాకో?"

"నీకు నోరుంది, నీళ్ళడిగి తాగుతావు. పాపం, వాటికేటుంది?"

దారిలో కుమ్హారి ఊరొస్తే ఆవిడ దిగిపోయింది.

ఈగలన్నీ బతికే చేరాయి. అది ఉల్లిపాయ మహిమో కాదో తేలాలంటే, అదే బస్సులో ఉల్లిపాయ లేకుండా వచ్చిన ప్రాణి ఒకటి ఉండాలంది ల్యాబులో సీనియర్ దీదీ.

ఉంది. మర్నాటి నుంచి నేను వడదెబ్బతో మంచం దిగలేదు.