బేరింగ్ మీద నా చెయ్యి

పంపుల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు ప్రొడక్షన్ ఇంజినీరుగా పనిచేశాక, నాకేమీ రాదని మా యాజమాన్యం కనిపెట్టింది. గవర్నర్‌పేటలో ఓ హోటల్లో రెండు రోజుల శిక్షణ పెట్టించారు. గోడనిండా 'రేపటి ఇంజినీరు' అని బ్యానరు. పాఠం చెప్పినాయన చొక్కాకి జన్మలో గ్రీజు అంటిన దాఖలా లేదు.

"ఇకమీదట మెషీనే మీతో మాట్లాడుతుందండి," అన్నాడు.

ఇన్నేళ్లుగా అది నాతో మాట్లాడుతూనే ఉందని చెప్పి ఆయన్ని బాధపెట్టడం ఎందుకని ఊరుకున్నాను. హోటల్లో పెరుగన్నం మాత్రం బాగుంది.

తర్వాతి నెలలో పంపు భాగాలు చెక్కే పెద్ద లేత్‌కి అదురు కొలిచే సెన్సార్లు బిగించారు. వాటిని చూసుకోవడానికి కొత్తగా ఓ అమ్మాయిని వేశారు. పటమట నుంచి స్కూటీ మీద వచ్చేది. ఓ పొద్దున ల్యాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"సార్, లేత్ బేరింగ్ పోయేలా ఉందండి. అదురు రోజురోజుకీ పెరుగుతోంది. ఇవాళ ఆపేద్దామా?"

నేను మహావైద్యుడిలా లేచి వెళ్లి, నడుస్తున్న లేత్ పైమూత మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాను. ఆపరేటర్లు భక్తిగా చూశారు.

"దీనికేం కాలేదమ్మా. నీ కంప్యూటర్‌కే జ్వరమొచ్చినట్టుంది."

అందరూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. "అయితే ఆపొద్దన్నారని రాస్తానండి, ఓ సంతకం పెట్టండి," అంది. లగ్నపత్రిక మీద పెట్టినంత దర్జాగా పెట్టాను.

మూడో రోజు మధ్యాహ్నం లేత్ ఓ కేక పెట్టి బిగుసుకుపోయింది. ఈసారి మెషీన్ నాతోనే కాదు, గేటు దగ్గర వాచ్‌మన్‌తో కూడా మాట్లాడింది. బేరింగుతో పాటు షాఫ్టూ పోయింది.

"ముందే తెలీలేదా?" అన్నారు మేనేజరు గారు. నా సంతకమున్న ఫైలు ఆ అమ్మాయి చేతిలోనే ఉంది. నా వంక చూసింది గానీ, తెరవలేదు.

"తెలిసిందండి. ఈ అమ్మాయి చెప్పింది. నేనే వద్దన్నాను," అన్నాను. ఈ విద్య హోటల్లో నేర్పలేదు.

మర్నాడు ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "ల్యాప్‌టాప్‌లో ఈ గీతలేంటో నాకూ చెప్పమ్మా."

"చెప్తానండి. మరి ఆ బేరింగ్ విప్పి చూపిస్తారా? నేనెప్పుడూ లోపల చూళ్లేదు."

సాయంత్రానికి ఆమె చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి. నేనింకా పాస్‌వర్డ్ దగ్గరే ఉన్నాను.