అన్నిటికీ సంఘం పేరే

రాయగడలో మా ప్రార్థన మందిరానికి కంప్యూటరు వచ్చిన కొత్తలో, దొంగ కాపీ విండోస్ వేయడం పాపమని పట్టుబట్టినవాణ్ణి నేనే. దాని బదులు ఒక పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీతో లినక్స్ ఎక్కించాను. హార్డ్ డిస్కును మూడు పార్టిషన్లు, అంటే మూడు అరలు, చేశాను: ఫోటోలకు ఒకటి, సభ్యుల పట్టికకు ఒకటి, పాటలకు ఒకటి. ఒక్కోదానికీ లేబుల్ పెట్టుకోమంది లినక్స్ పుస్తకం. మా మందిరంలో బెంచీ అయినా, చాప అయినా, విందు గిన్నె అయినా సంఘం పేరు రాయకుండా వదలం. ఎరువిచ్చినవి తిరిగి రావాలి కదా. ఆ భక్తితోనే మూడింటికీ సంఘం పేరే పెట్టాను.

కొన్నాళ్లకు ఫోటోల పార్టిషన్ పాడైతే ఫార్మాట్ చేసి, అంటే మొత్తం తుడిచేసి, మళ్లీ అదే లేబుల్ పెట్టాను. ఆ వారమే జేకేపూర్ నుంచి సంఘం వరసకు చెల్లెలు ఒకామె వచ్చింది. వాళ్లమ్మ మా సంఘంలో పాట ఎత్తుకునే మనిషి, కిందటేడు కన్నుమూసింది. ఆవిడ ఇంట్లో పాడగా రికార్డు చేసిన క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించాను, ఆ క్యాసెట్టు ఎప్పుడో తెగిపోయింది; ఇక ఆవిడ గొంతు ఉన్నది మా కంప్యూటరులోనే. జ్ఞాపకార్థ కూడికలో అది వినిపించాలి.

లేబుల్ కొట్టి తెరిచాను. ఖాళీ. మళ్లీ తెరిచాను. ఖాళీయే. నేను తుడిచేసింది పాటల్నే అనుకున్నాను. కళ్లు మూసుకుని ప్రార్థన మొదలెట్టాను.

"అన్నయ్యా, పార్దన తరవాత సేద్దురు. అందులో ఏటేటి ఉన్నాయో ముందు సూడండి," అంది.

"అన్నీ సంఘానివేనమ్మా."

"సంఘానివేనండీ. మాయమ్మది ఏది?"

దేవుడు ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పిలుస్తాడని మొన్న ఆదివారమే గంటసేపు బోధించాను. పార్టిషన్ల జాబితా చూపే కమాండ్ కొట్టాను. మూడు వరసలు, ఒకే లేబుల్. కానీ ప్రతి వరసలోనూ యంత్రం తనంతట తాను వేసుకున్న పొడవాటి గుర్తింపు సంఖ్య వేరువేరుగా ఉంది. పేరు చెబితే పాపం అది ముందు కనబడిన ఫోటోలదాన్నే తెరుస్తోంది. ఈసారి సంఖ్యలు కొట్టి ఒక్కోటీ తెరిచాను. మూడోదాంట్లో పాటలున్నాయి. వాళ్లమ్మ పాట పెట్టాను.

చరణం మధ్యలో పెద్దావిడ పాట ఆపి, "అమ్మీ, పాలు పొంగిపోతన్నాయి, సూడే!" అని అరిచింది. మళ్లీ అదే శ్రుతిలో అందుకుంది.

"ఆ అరుపు కోసేసి వేద్దాం," అన్నాను.

చెల్లెలు కళ్లు తుడుచుకుంది. "పాట మీ పుస్తకంలో ఉంది కదన్నయ్యా, మీరు పాడుకోండి. నాకు ఆ పాల మాట సాలు."

కూడికలో అరుపుతో సహా వినిపించాం. ఆమేన్ అనాల్సిన చోట సగం సంఘం నవ్వింది.