అవ్వ పసుపు... నాయన కారు ఇరుసు

మా చిన్నప్పుడు... శుక్రవారం తలంటు కాగానే అవ్వ పసుపు గిన్నె పట్టుకుని నాయన కారు వెనక్కి వెళ్ళేది. నేల మీద చతికిలబడి, చెయ్యి కారు కిందికి పోనిచ్చి, వెనక ఇరుసుకు తడిమి తడిమి పసుపు మెత్తేది... ఆ పైన కుంకుమ. తన నుదుట బొట్టు లేని మనిషి, ఇరుసుకు మాత్రం మానేది కాదు.

మాది ఫిజీలో నవాకా... చుట్టూ చెరకు. అవ్వా, తాతా గిర్మిట్ మీద ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఆ కూలి ఒప్పందం రోజుల్లోనే చెరకు బండి ఇరుసు విరిగి, బండి మీద పడి తాత పోయాడు. నాయన అప్పటికి చంటిపిల్లవాడు. అందుకే కొడుకు కారు తెచ్చిన రోజున అవ్వ అడిగిన మొదటి మాట... "దీని ఇరుసు ఏడుందిరా?"

అది అప్పటికే ముసలి ఇంగ్లీషు కారు. నాయన అందులో మా వాళ్ళను నాందీ బజారుకూ, లౌటోకాకూ తిప్పేవాడు.

ఒక ఏడాది వెనక చక్రాల లోపలి వైపు నుంచి నల్లటి నూనె కారడం మొదలైంది. నాయన నూనె బయటికి రాకుండా ఆపే సీలు మార్చాడు... కొన్నాళ్ళు బాగుండి మళ్ళీ కారింది. నూనె ఎక్కువైందేమోనని తగ్గించి చూశాడు. ఊహూఁ... ఒకనాడు ఆ నూనె బ్రేకుల్లోకి దిగి, కారు వాలులో ఆగకుండా పోయి చెరకులో దూరింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ, అవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు.

"మొగుణ్ణి తిన్నది చాలదా దీనికి!" అని ఇరుసును తిట్టి తిట్టి, మరుసటి శుక్రవారం రెండింతలు పసుపు మెత్తింది. కారడం ఇంకా ఎక్కువైంది!

ఆదివారం నాయన కారు కింద పడుకుని ఉంటే చాయ్ తీసుకెళ్ళాను. ఇరుసు పైన చిన్న కన్నం ఒకటి ఉంటుంది... లోపల నూనె వేడెక్కినప్పుడు గాలి అందులోంచి బయటికి పోవాలి. పోకపోతే ఆ గాలే నూనెను చక్రాల వైపు తోసేస్తుంది. నాయన ఆ కన్నంలో తీగ పెట్టి తిప్పాడు. ఎండి గట్టిపడ్డ పసుపు పెళ్ళలు పెళ్ళలుగా ఆయన మొహం మీద రాలింది.

నాకు నవ్వొచ్చింది. నాయన మాత్రం నవ్వలేదు.

"అవ్వకు చెప్పొద్దు బేటీ... పానం ఇడిచేస్తాది" అన్నాడు.

తర్వాతి శుక్రవారం అవ్వ రాగానే పక్కనే కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని ఇరుసు మధ్యలోని గుండ్రటి డిప్ప అడుగుకు తీసుకెళ్ళాడు.

"ఇంకమీద ఈడ పెట్టు మా."

"ఏరా, పైన పెడితే ఏమి?"

"దుమ్ము పడి బొట్టు పోతాది గదా. ఈడైతే సేఫ్."

నూనె కారడం ఆగింది. "చూసినావా, నా పసుపు ఊరికే పోలా!" అని అవ్వ ఇంటింటికీ చెప్పుకొచ్చింది. నాయన తల వంచుకుని "హాఁ మా, నీ పసుపే" అనేవాడు.

అవ్వ పోయాక వచ్చిన మొదటి శుక్రవారం... ఏనాడూ దేవుడి మూలకు వెళ్ళని నాయన, పసుపు గిన్నెతో కారు వెనక చతికిలబడ్డాడు. ముందు తీగతో ఆ కన్నం శుభ్రం చేశాడు. తర్వాత అవ్వకు చూపించిన చోటే బొట్టు పెట్టాడు.

ఇప్పుడు మా ఇంట్లో జపాను కారు. చుక్క నూనె కారదు... ఇరుసు ఎక్కడుందో కూడా నాకు తెలియదు. మనవడు తాళాలు తీసుకుని బయల్దేరుతుంటే మాత్రం, నా చెయ్యి పసుపు గిన్నె కోసం వెతుక్కుంటుంది. మీ ఇంట్లో బండికి బొట్టు పెట్టి పంపిన చెయ్యి ఎవరిది? చెప్పండి... వినాలనుంది.