వడ్ల చప్టా మీద ఆట

తాడేపల్లిగూడెంలో ఆ రైసుమిల్లు యజమాని నన్ను పనిలో పెట్టుకున్నది నా పొడుగు చూసి. చదువు చూసి కాదు, పనితనం చూసి అంతకన్నా కాదు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో మాట. మాది కొల్లేటి లంక. చిన్నప్పటి నుంచీ దోనె మీద నిలబడి గెడ వేసిన చేతులు నావి. ఏలూరు హైస్కూల్లో చేరినప్పుడు డ్రిల్లు మాస్టారు ఆ చేతులు చూసి బాస్కెట్‌బాల్ నేర్పారు. స్కూలు ఫైనలు తప్పాను గాని ఆటలో మాత్రం నలుగురి కంట్లో పడ్డాను.

యజమాని మద్రాసులో చదివేటప్పుడు ఆ ఆట ఆడాడట. తండ్రి పోయి మిల్లు చేతికి రాగానే, వడ్లు ఆరబోసే సిమెంటు చప్టాకి రెండు చివర్లా స్తంభాలు పాతించి, బోర్డులూ రింగులూ బిగించాడు. ఎక్కడెక్కడి ఆటగాళ్ళనో ఏరి తెచ్చి మిల్లులో పనులిచ్చాడు. మేం మొత్తం ఏడుగురం. జీతం ఇచ్చేది మిల్లు పనికి, ఉంచుకునేది ఆటకి. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు గాని అందరికీ తెలుసు.

వచ్చిన చిక్కల్లా, మిల్లు సీజనూ ఆట సీజనూ ఒకటే కావడం. సార్వా పంట కోతలయ్యాక ధాన్యం బళ్ళు మిల్లు ముందు బారులు తీరేవి. ఎండలు ముదరకముందే ఊరూరా టోర్నమెంట్లు పెట్టేవాళ్ళు. పొద్దున్నే ఐదింటికి, చప్టా మీద వడ్లు పరవకముందు, గంటన్నర ప్రాక్టీసు. ఏడింటి నుంచి మిల్లు పని. సాయంత్రం వడ్లు కుప్ప చేసి ఊడ్చేశాక మళ్ళీ ప్రాక్టీసు. ఎంత ఊడ్చినా గింజలు మిగిలేవి. పరిగెత్తుతుంటే కాలికింద జర్రున జారేవి. మధ్యలో అత్తిలిలో ఒక మ్యాచి, బస్సెక్కి చింతలపూడి వెళ్ళి ఒక మ్యాచి, ఏలూరులో వరసగా మూడు. తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే ఐదింటికి చప్టా.

మా కెప్టెను మిల్లు ఆఫీసులో టైపు కొట్టేవాడు. పౌరోహిత్యం చేసుకునే ఇంట్లో పుట్టినవాడు, మాట చాలా మెత్తన. ఒకరోజు మా అందరి తరఫునా యజమాని దగ్గరకెళ్ళాడు. నేను వెనక నిలబడ్డాను.

“ఏవండీ, మ్యాచి మర్నాడైనా ప్రాక్టీసు మానిపిస్తే బాగుంటుందండీ. కుర్రాళ్ళకి కాళ్ళు లేవడం లేదండీ.”

“ప్రాక్టీసు మానితే ఆట ఎల్లా వస్తుందయ్యా?”

“పోనీ మిల్లు పనన్నా కాస్త తగ్గించండి.”

“తగ్గిస్తే మిగతా వాళ్ళు ఊరుకుంటారా? బంతాట వాళ్ళని కూర్చోబెట్టి మేపుతున్నానని ఇప్పటికే గొణుగుతున్నారు.”

“అయితే మ్యాచిలు కొన్ని వద్దనండి.”

“పిలిచినవాళ్ళని కాదంటే పైయేడు మళ్ళీ పిలుస్తారా?”

ఆయన అన్నదాంట్లో ఒక్కటీ అబద్ధం కాదు. అందుకే మాకు దారి దొరకలేదు.

నాకు ఒళ్ళు మొద్దుబారిపోయింది. అన్నం ముందు కూర్చుని ముద్ద చేతిలో ఉండగానే కునుకు పట్టేది. పాసు వస్తున్నట్టు కనబడేది, చేతులు అరక్షణం ఆలస్యంగా లేచేవి. ఆట చెడుతోందని యజమాని ఇంకో అరగంట ప్రాక్టీసు పెంచాడు. దాంతో ఇంకా చెడింది. మానేస్తానందామంటే భయం. లంకలో ఒకే ఒక్క దోనె మీద అన్నయ్య ఐదుగురిని సాకుతున్నాడు. నేను వెళ్తే ఆ దోనెలో నాకు చోటెక్కడిది? రోజూ పొద్దున్న లేచేటప్పుడు, ఈ ఒక్కరోజు గడిస్తే చాలనుకునేవాణ్ణి. మర్నాడూ అదే అనుకునేవాణ్ణి.

నా పని హల్లరు మర దగ్గర. పైన తొట్టిలో వడ్లు పోస్తూ, కింద బియ్యం ఎలా దిగుతున్నాయో చూస్తుండాలి. పక్కనే బారెడు దూరంలో ఇంజను నుంచి వచ్చే పెద్ద బెల్టు తిరుగుతుండేది. బెల్టులూ ఇంజనూ చూసుకునే ఫిట్టరు గారిది పెంటపాడు. యాభై ఏళ్ళ మనిషి, రోజూ సైకిలు మీద వచ్చేవాడు. బాబాయిగారూ అని పిలిచేవాణ్ణి. ఆయన జన్మలో ఒక్క మ్యాచీ చూడలేదు. పొద్దున్న నన్ను చూడగానే ఒకటే మాట.

“ఏం అబ్బాయ్, నిద్రపోయావా?”

“పోయానండీ.”

“నీ కళ్ళు అల్లా చెప్పడం లేదే. పది నిమిషాలు ఆ బస్తాల మీద వాలు. తొట్టి నేను చూస్తాలే.”

అలా ఆయనిచ్చిన పదేసి నిమిషాలతోనే ఆ నెల ఈదుకొచ్చాను.

ఏలూరు టోర్నమెంటులో మూడు రోజుల్లో మూడు మ్యాచిలు ఆడి ఫైనలుకి వచ్చాం. దానికి ముందు ఒకరోజు ఖాళీ. ఆ రోజు ఏలూరులోనే పడుకుని ఉండనిస్తారనుకున్నాం. ధాన్యం ఎక్కువ వచ్చింది, మనుషులు చాలడం లేదు, వెంటనే రమ్మని కబురొచ్చింది. పొద్దుటి పాసింజరెక్కి గూడెంలో దిగి, స్టేషను నుంచి తిన్నగా మిల్లుకి నడిచాం. ఫిట్టరు గారు నన్ను చూసి ఏదో అడగబోయాడు గాని, ఇంజను దగ్గర ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు.

పదకొండు గంటల వేళ. ఊక దుమ్ములో ఎండ పడుతోంది. ఇంజను చప్పుడు ఒకే తీరుగా కొడుతోంది. నాకు గుర్తున్నది అంతే. తర్వాత గుర్తున్నది, ఎవరో నా చొక్కా మెడ దగ్గర పట్టుకుని వెనక్కి ఈడ్చిన ఈడ్పు. వెల్లకిలా పడ్డాను. కళ్ళు తెరిచేసరికి బాబాయిగారు బెల్టు పక్కన మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు. ఆయన అరవలేదు. “ఇంజనాపండి” అన్నాడు, మామూలుగా ఎవరికో పని చెబుతున్నట్టు. అప్పుడు చూశాను ఆయన కుడిచెయ్యి.

నిలబడే నిద్రపోయి బెల్టు మీదికి తూలానట. ఇంజను దగ్గర నుంచి వస్తూ ఆయన చూశాడు. నన్ను ఎడంచేత్తో లాగాడు. ఆ ఊపులో ఆయన కుడిచెయ్యి బెల్టుకీ చక్రానికీ మధ్య పడింది.

యజమాని తన కారులోనే ఆయన్ని ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. సాయంత్రం తిరిగొచ్చాడు. చొక్కా మీద నెత్తుటి మరకలు అలాగే ఉన్నాయి.

“మూడు వేళ్ళు తీసేశారు. ప్రాణానికి భయం లేదన్నారు” అన్నాడు. ఆ చొక్కాతోనే నా వైపు తిరిగి, “రేపు ఫైనలుంది గదయ్యా” అన్నాడు.

“నేను ఆడలేనండీ.”

“నువ్వు ఆడకపోతే ఆయన వేళ్ళు తిరిగొస్తాయా?”

ఆ సాయంత్రం ప్రాక్టీసు వద్దన్నాడు యజమాని. సీజనులో అదే మొదటి సెలవు. ఇంక చెప్పడానికి సిగ్గుగా ఉన్నది చెప్పాలి. మేం పడుకునే గదిలోకెళ్ళి ఏడుద్దామని చాప మీద వాలాను. వాలిన మనిషిని వాలినట్టే నిద్రపోయాను. పొద్దున్న కెప్టెను కుదిపి లేపేదాకా కదల్లేదు.

ఆ రోజు ఏలూరులో ఫైనల్లో నా అంత బాగా ఎవరూ ఆడలేదు. కాళ్ళు తేలిగ్గా లేచాయి. బంతి ఎక్కడికి వస్తుందో ముందే తెలిసేది. రింగు నా కళ్ళకి గంగాళమంత కనబడింది. ఒక్క రాత్రి నిద్రకి ఒళ్ళు అంత మారుతుందని అప్పుడు తెలిసింది. ఆ నిద్ర ఎవరి చేతిని తిని వచ్చిందో కూడా ప్రతి గెంతులోనూ తెలుస్తూనే ఉంది. జనం కేకలు వేస్తుంటే చెవులు మూసుకోవాలనిపించింది. గెలిచాం. కప్పు అందుకోవడానికి నేను వెళ్ళలేదు. ఆట బట్టల్లోనే ఆస్పత్రికి పరిగెత్తాను.

బాబాయిగారు మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్నాడు. చేతికి మోచేతి దాకా కట్టు. కింద ఆయన భార్య గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. నా బనీను మీద నంబరు చూసి చూపు తిప్పేసుకుంది.

అలికిడికి ఆయన కళ్ళు తెరిచాడు. “గెలిచారా?”

“గెలిచామండీ.”

“నిద్రపోయావా మరి?”

తలూపాను. ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

“ఇంక వెళ్ళండి” అంది ఆవిడ. కొడుకు వయసువాణ్ణి, నన్ను మీరు అంది. తిట్టినా అంత నొచ్చుకునేవాణ్ణి కాదు.

సోమవారం యజమాని దగ్గరకెళ్ళి ఇంక ఆడనని చెప్పాను. ఆయన కోప్పడలేదు. “పోనీ ఆడకు. ఫిట్టరు చోటు ఖాళీగా ఉంది. ఇంజను పని నేర్చుకో. ఆయన్ని గేటు దగ్గర కూర్చోబెడతాను, తీసెయ్యను” అన్నాడు. మంచికే అన్నాడు. అయినా వద్దండీ అని దణ్ణం పెట్టి వచ్చేశాను. మ్యాచి మర్నాడు ప్రాక్టీసూ లేదు, మిషను దగ్గర పనీ లేదు అని కెప్టెను ఒక కాయితం టైపు కొట్టి యజమాని చేత సంతకం పెట్టించాడట. నాకది తర్వాత తెలిసింది.

లంకకి వెళ్ళలేదు. అడుగుతూ అడుగుతూ పెంటపాడు వెళ్ళాను. బాబాయిగారికి ఊరి బయట కొంచెం మాగాణి ఉంది. వరి కోసిన మళ్ళో చల్లిన మినుము ఎండి పీకుడికొచ్చింది. ఒంటిచేత్తో పీకలేడు. ఆయన ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడు, ఎవరినీ అడక్కుండా మళ్ళోకి దిగి పీకడం మొదలెట్టాను. ఆవిడ గట్టు దాకా వచ్చి, చూసి, వెనక్కి వెళ్ళిపోయింది. రెండో రోజూ అంతే. చావడిలో పడుకుని, చెరువు నీళ్ళు తాగి, అటుకులు నమిలి పనిచేశాను.

మూడో రోజు బాబాయిగారు వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. చెయ్యి మెడకి కట్టిన తువ్వాల్లో వేలాడుతోంది.

“లేని వేళ్ళు దురద పెడుతున్నాయి అబ్బాయ్. ఎక్కడ గోక్కోవాలో తెలియడం లేదు” అన్నాడు.

నేను ఆ మళ్ళోనే కూలబడి ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు, వెళ్ళిపోనూ లేదు. నా ఏడుపు తగ్గాక, “కాయ రాలకుండా కాస్త కిందకి పట్టుకుని పీకు” అన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆవిడ గట్టు మీద నిలబడి, “రండి, అన్నం తిందురుగాని” అని పిలిచింది. వాళ్ళింటి అరుగు మీద కూర్చున్నాను. అన్నం, పప్పు, గోంగూర పచ్చడి పెట్టి, పక్కన గ్లాసుతో మంచినీళ్ళు ఉంచింది. నా మొహంలోకి చూడలేదు. లోపల బాబాయిగారు ఎడంచేత్తో కలుపుకోవడం చేతగాక విసుక్కుంటున్నాడు. ఆవిడ లోపలికి వెళ్ళి ముద్దలు కలిపి పెడుతోంది. ఆ విసుగు వింటూ తలొంచుకుని కంచం ఖాళీ చేశాను.