బస్టాండు అవ్వకు నిమ్మరసం
జనగామ మున్సిపాలిటీలో కుక్కలను పట్టడానికి మనిషి ఉన్నాడు, ఇల్లు లేనివాళ్లను చూడడానికి లేడు. ఏళ్లుగా అడుగుతూనే ఉన్నాను.

ఈ రోజు మా తెలంగాణ రిలే నిరాహార దీక్షా శిబిరంలో ఒక మనిషి తక్కువయ్యాడని, బస్టాండులో పడుకునే ముసలమ్మను తెచ్చి, దండ వేసి కూర్చోబెట్టారు మావాళ్లు. సాయంత్రం మున్సిపాలిటీ సారు వచ్చి, దీక్ష ముగిసిందని నిమ్మరసం ఇచ్చాడు.

"నిన్నటి సంది ఏం తినలే బిడ్డా. బువ్వ ఎప్పుడు పెడ్తరు?" అన్నది ఆమె.

అందరూ నవ్వారు. నేను లేచి సారు ముందుకు వెళ్లాను.

"గిసొంటోళ్లను అరుసుకునేటందుకు ఒక మనిషిని పెట్టుండ్రి సారూ" అన్నాను.

"జీతానికి పైసల్లేవు బాపు. తెలంగాణ రానియ్యి, జూద్దాం."

అప్పటిదాకా అవ్వ ఏం తినాలి, ఎక్కడ పడుకోవాలి? సోమవారం లోపు సారు జవాబు చెప్పాలి. లేకుంటే ఆమెను ఆయన ఆఫీసు వరండాలోనే పడుకోబెడతాను. నాతో వచ్చేదెవరు?