పాటపెట్టె చేతికి వేసిన కట్టు

మొన్న మధురవాడలో మా మనవరాలి ఇంటికి వెళితే హాల్లో బల్ల మీద రికార్డు ప్లేయరు కనబడింది. ఈ కాలం పిల్లలకి మళ్ళీ అదే ముచ్చటట. ఇష్టపడి కొనుక్కున్న దాని మీద బూజుకర్ర పడి, ముల్లు పట్టుకునే పొడుగు చెయ్యి నడిమికి చిట్లింది. సెలవు పూట చూసుకుని, ఫోనులో వీడియో పెట్టుకుని తనే బాగుచేయడానికి కూర్చుంది. చిట్లిన గొట్టాన్ని వెలుగుకి ఎత్తి, "అమ్మమ్మా, చూడు గానీ ముట్టుకోకు. ఇవి తెగితే ఇంక పాట రాదు" అంది. కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. బోలు గొట్టంలో వెంట్రుక కన్నా సన్నని రంగు తీగలు. ఆ చెయ్యి లోపల ఏమీ ఉండదనే ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆనాడు నేను పళ్ళతో లాగి బిగించి తెంపినవి ఇవే.

మాకూ ఒక పాటపెట్టె ఉండేది. పోర్టులో కళాసీ పనిచేసే మా తమ్ముడు ఓడ మీది నావికుడెవరి దగ్గరో కొని మా పెళ్ళికి తెచ్చాడు. దాంతో వచ్చిన రికార్డులు ఏ భాషవో మాకు తెలియదు. అందుకని పాత సామాన్ల కొట్టు వెతికి ఒక తెలుగు రికార్డు కూడా తెచ్చాడు. ఒకే ఒక్కటి. దాని నడుమ ఒక వైపు అంటించిన ఎర్ర కాగితం పైకి ఉండాలని మా ఆయన గుర్తు పెట్టుకున్నాడు. చదివి పెట్టుకునేవాళ్ళు మా ఇంట్లో లేరు మరి, నాకు అక్షరాలు వచ్చింది ఈ మనవరాలు పలక పట్టినప్పుడే. మా ఆయన చేపల బోటు ఇంజను దగ్గర పనిచేసేవాడు. వేట నుంచి రాగానే ఒంటికి పట్టిన నూనె కడుక్కుని, పెట్టె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, తొడ మీద తాళం వేసేవాడు. ముల్లు చివరికి రాగానే తనే ఎత్తేవాడు. ఎప్పుడూ పొరపాటు పడలేదు. ఫిషింగ్ హార్బరు పక్క ఇళ్ళలో మెల్లగా మాట్లాడటమనేది లేదు. ఐసు మిషన్ల హోరు, బోట్ల హోరు, వేలంపాట కేకలు. వాటి మధ్య బతికి బతికి, మొగుణ్ణి అన్నానికి పిలిచినా కేకే, దేవుడికి దణ్ణం పెట్టినా కేకే. కాబట్టి నేను అరిస్తేనే ఆయన పలకడం నాకు వింతగా తోచలేదు.

ఒక వేసవి, వేట నిషేధం రోజుల్లో బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి. నిషేధం ఎత్తేశాక బోటు చుక్కాని మా ఆయన చేతికే ఇస్తానని ఓనరు మాటిచ్చాడు. కింద ఇంజను పొగలో మగ్గినవాడు పైకొచ్చి బోటు నడపడమంటే మాటలా? నేను వాడంతా చాటింపు వేసినంత పని చేశాను. అప్పుడే ఒక పిల్లి ఎండుచేపల కోసం అటకెక్కి బుట్టని పెట్టె మీదకి తోసేసింది. పెట్టె చెయ్యి విరిగి వేలాడింది. ముల్లుకి సరితూకంగా దాని తోకన ఉండే బరువు పగిలింది. మా ఆయన బోటుకి రంగు వేయడానికి వెళ్ళాడు. వచ్చేలోపు బాగుచేయాలని నా తొందర.

"సాపుకి అట్టుకెల్దాం అప్పా" అన్నాడు తమ్ముడు.

"సాపెందుకురా? తెడ్డు ఇరిగితే ఏటి సేత్తాం? కట్టేత్తాం. ఇదీ అంతే!" అన్నాను.

వెదురు బద్ద ఆనించి, వల దారం తడిపి చుట్టి ముడేశాను. మా పనిలో ముడి అంటే కరవాలి. పళ్ళతో పట్టి లాగాను. గొట్టం కిర్రుమని నొక్కుకుంది. గట్టిగా కూర్చుందని మురిసిపోయాను. తోకకి, వల అంచున కట్టే సీసం గుళ్ళు కట్టాం. చెయ్యి తేలినట్టు నిలిచేదాకా ఒకటి తీశాం, ఒకటి పెట్టాం. రికార్డు తిరిగింది, ముల్లు దిగింది, చెయ్యి నూనె మీద జారినట్టు సాగింది. పాట మాత్రం లేదు. దగ్గరగా చెవి పెడితే చీమ గోకినట్టు చిన్న గీకుడు, అంతే. ఆపబోతుంటే మా ఆయన రంగు చేతులతో గుమ్మంలోకి వచ్చాడు. తిరుగుతున్న రికార్డుని చూశాడు. ముఖం విచ్చుకుంది.

"బాగు సేసీనారేటి! మునుపటికన్నా బాగా పాడతంది" అంటూ కూర్చుని తాళం అందుకున్నాడు.

తమ్ముడు పకపకా నవ్వాడు. "ఏటి బావా, ఎకసెక్కాలా?" అన్నాడు. ఆయన వీపు మా వైపు ఉంది. తిరగలేదు. తమ్ముడి నవ్వు సగంలోనే ఆగిపోయింది. నేను పళ్ళెం తీసి, ఆయన తల వెనకే గరిటతో బాదాను. పక్కింటావిడ పరుగున వచ్చింది. ఆయన తాళం చెక్కు చెదరలేదు.

పక్కన పడుకుని, పిల్లల్ని కని, ఈ మనిషికి చెవులు లేవని తెలియకుండా కాపురం చేశాను! "ఎదరకొచ్చి సెప్పు" అని అస్తమానూ గదిమితే మొగుడి దర్పం అనుకున్నాను. ఆ వెంటనే చుక్కాని గుర్తొచ్చింది. అప్పుడు నిజంగా భయం వేసింది. పొగమంచులో ఓడ కూత వినబడకపోతే బోటు ఏమవుతుందో మా వాడలో చంటిపిల్లకి కూడా తెలుసు.

ముల్లు ఎత్తేసి ఎదురుగా కూర్చున్నాను. "పాట రానేదు మావా" అన్నాను. నా పెదవుల్నే చూశాడు.

"సెవుల్ని ఇంజను తినేసినాది" అన్నాడు. "రొండోది పుట్టినప్పటికే సగం పోనాయి. సెయ్యెట్టి సూత్తే ఇంజను మాట తెలుత్తాది. మీ మొకాలు సూత్తే మీ మాట తెలుత్తాది. నాకింకేటి కావాల?"

"ఓడ కూత ఎవుల మొకం సూత్తే తెలుత్తాది? ఓనరుకి నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?"

"నోర్ముయ్యే" అన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

తెల్లారకుండానే లేచి హార్బరుకి నడిచాడు. చేపలే లేని రోజుల్లో ఖాళీ తట్ట నెత్తిన పెట్టుకుని నేనూ వెనకే. ఆయన చెప్పకపోతే అందరి ముందూ చెప్పేద్దామనే వెళ్ళాను. ఓనరు బోటు దగ్గరే ఉన్నాడు. "బాబూ, సుక్కాని నాకొద్దు. కళ్ళు మసకేత్తన్నాయి" అన్నాడు మా ఆయన. నేను నోరు తెరిచినదాన్ని అలాగే నిలబడిపోయాను. నీటి రంగు చూసి చేపల గుంపుని పట్టే కళ్ళవి. వాటి మీద వేశాడు నేరం. మూసుకున్నాను నోరు. ఓనరు నొచ్చుకుని వలల షెడ్డులో పని ఇచ్చాడు. వాడలో అందరూ జాలిపడి చెయ్యి పట్టి రోడ్డు దాటించేవాళ్ళు. ఆయన దాటించుకునేవాడు.

పెట్టెని షాపుకి తీసుకెళతానని తమ్ముడు వచ్చాడు. "ఎవులి కోసం?" అన్నాడు మా ఆయన. నిజమే కదా. ఆ కట్టుతోనే రోజూ పెట్టేవాడు. మొదట జాలికొద్దీ పక్కన కూర్చున్నాను, తరవాత అలవాటైపోయింది. చెయ్యి ఏ గీత మీద ఉంటే ఏ మాట వస్తుందో నాకూ తెలిసిపోయింది. ఆయన పోయేదాకా ఇద్దరం అలాగే విన్నాం.

మొన్న మా మనవరాలు తీగల జోలికి పోకుండా పైన చిన్న తొడుగు వేసి, జిగురు ఆరాక తాత రికార్డే పెట్టింది. పాట ఒక్కసారి పైకి లేచేసరికి అదిరిపడ్డాను. సర్దుకుని వినేలోపే ముల్లు చివరికొచ్చేసింది. చప్పుడుతో వింటే ఇంత చిన్న పాటా ఇది! మేమిద్దరం విన్నప్పుడు ఒక సాయంత్రమంతా ఉండేది.